వైరస్ లేదన్న రిపోర్టు చాలదు

హెపటైటిస్ బి, సి పరీక్షలు రెండూ నెగెటివ్ అని తెలిస్తే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఆ ఊరటలో న్యాయం ఉంది. ప్రపంచంలో కాలేయ క్యాన్సర్‌కు ఇప్పటికీ ఈ రెండు వైరస్‌లే ప్రధాన కారణం. అయితే వాటి మీద వైద్యం పట్టు సాధించింది. తైవాన్ 1984లో పసిపిల్లలకు హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టాక అక్కడి పిల్లల్లో ఈ క్యాన్సర్ బాగా తగ్గింది. హెపటైటిస్ సి ఇప్పుడు కొన్ని వారాల మాత్రలతోనే చాలావరకు నయమవుతోంది. వైరస్ వెనక్కి తగ్గుతున్న కొద్దీ, వైరస్ సోకనివారిలో వచ్చే కాలేయ క్యాన్సర్ వాటా పెరుగుతోంది. ఈ మార్పు మన ఆలోచనలోకి ఇంకా రాలేదు. ఎవరిని కనిపెట్టి ఉండాలో తేల్చేటప్పుడు వైరస్ ఉందా అన్న ప్రశ్నతో ఆగకూడదనీ, కాలేయం ఎంత మచ్చబారిందో కూడా అడిగి తీరాలనీ నా వాదన.

కాలేయ కణాలు ఏళ్ల తరబడి దెబ్బతింటూ, చస్తూ, మళ్లీ పుడుతూ ఉంటే ఆ చోట మచ్చ కణజాలం పేరుకుంటుంది. అది ముదిరితే సిర్రోసిస్. ఇన్నిసార్లు విభజన జరిగే చోట జన్యువుల్లో తప్పులు దొర్లుతాయి, వాటిలో ఏదో ఒకటి క్యాన్సర్‌కు దారి తీయవచ్చు. దెబ్బ కొట్టేది వైరసే కానక్కరలేదు. మద్యం కొడుతుంది. బూజు పట్టిన వేరుశనగలో, మొక్కజొన్నలో ఉండే అఫ్లటాక్సిన్ నేరుగా జన్యువునే పాడుచేస్తుంది. షుగర్, పొట్ట చుట్టూ కొవ్వు ఉన్నవారిలో కాలేయంలో చేరిన కొవ్వూ కాలేయ కణాలను దెబ్బకొడుతుంది. మందు ముట్టని మనుషుల్లో తాగుబోతుల కాలేయం లాంటిది కనబడుతోందని అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 1980లోనే రాశారు. అయినా లివర్ జబ్బు అనగానే మన బంధువర్గం రోగిని అనుమానంగా చూడటం మానలేదు. ఆ నిందకు భయపడి పరీక్షకు వెళ్లనివారిని తలచుకుంటే బాధ కలుగుతుంది.

ఇక్కడ గట్టి అభ్యంతరమే ఒకటి ఉంది. స్కాన్ తీస్తే ఊళ్లో సగం మందికి ఫ్యాటీ లివర్ అంటారు, అందరినీ క్యాన్సర్ పేరుతో భయపెట్టడం తగునా? హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల మీద జరిగిన పరిశోధన 2025లో వెలువడింది. అందులో పరీక్షించిన 345 మందిలో 84 శాతానికి కాలేయంలో కొవ్వు కనిపించింది. అది ఒక వృత్తిలోని చిన్న నమూనా, రాష్ట్రమంతటికీ వర్తించదు. పైగా కొవ్వు ఉన్నవారిలో క్యాన్సర్ దాకా వెళ్లేది చాలా కొద్దిమందే. కాబట్టి అందరికీ క్యాన్సర్ స్కాన్‌లు చేయడం డబ్బు దండగే. అందుకే ముందు జల్లెడ పట్టాలి. దానికి కొత్త యంత్రం అక్కరలేదు. వయసు, ప్లేట్‌లెట్లు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే కాలేయ ఎంజైములు, ఈ నాలుగు అంకెలతో ఫిబ్-4 అనే లెక్క కట్టవచ్చు. 58 ఏళ్ల షుగర్ రోగికి ఎస్‌జీఓటీ 60, ఎస్‌జీపీటీ 49, ప్లేట్‌లెట్లు లక్షా 30 వేలు ఉన్నాయనుకుందాం. విడివిడిగా చూస్తే అన్నీ కాస్త అటూఇటూగా ఉన్నట్టే కనిపించి, కాగితం ఫైల్లోకి పోతుంది. కలిపి లెక్కిస్తే 3.8 వస్తుంది. 1.3 లోపు అయితే సాధారణంగా నిశ్చింతగా ఉండవచ్చు, 2.67 దాటితే మచ్చ ముదిరిందేమోనని, కాలేయం గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్‌తో తేల్చుకోవాలి. ఇతర జబ్బుల వల్లా ప్లేట్‌లెట్లు తగ్గవచ్చు గనుక ఈ అంకె తీర్పు కాదు, తర్వాతి పరీక్షకు దారి. 2021లో కేంద్ర ప్రభుత్వం ఫ్యాటీ లివర్‌ను షుగర్, బీపీ, క్యాన్సర్ల జాతీయ కార్యక్రమంలో చేర్చింది. షుగర్ రోగి రక్తపరీక్షకు వచ్చిన ప్రతిసారీ ఈ లెక్క కట్టడానికి అంతకంటే మంచి వేదిక ఏముంది?

రెండో అభ్యంతరానికి పూర్తి జవాబు లేదు. కొవ్వు కాలేయంలో వచ్చే క్యాన్సర్లలో చెప్పుకోదగ్గ వంతు సిర్రోసిస్ రాకముందే పుడుతుంది. మచ్చను వెతికే జల్లెడకు అవి దొరకవు. లావుపాటి వారిలో అల్ట్రాసౌండ్ కూడా కాలేయాన్ని స్పష్టంగా చూపలేదు. ఇది నిజమైన లోటు. అలాగని దొరికేవారినీ వదిలేయమనడం సబబు కాదు. సిర్రోసిస్ ఉన్నవారికి, కారణం ఏదైనా, ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్, తోడుగా ఏఎఫ్‌పీ రక్తపరీక్ష చేయాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. వైరస్ రోగులకు ఇది కొంతవరకైనా జరుగుతోంది. మిగతావారిలో చాలామందికి సిర్రోసిస్ ఉన్నట్టే తెలియదు గనుక వారి క్యాన్సర్ ఆలస్యంగా బయటపడుతోంది. కాలేయం లోపల నొప్పి తెలిపే నరాలు లేవు, గడ్డ పెరిగి పైపొరను సాగదీసేదాకా రోగికి ఏమీ తెలియదు. రెండు సెంటీమీటర్ల గడ్డగా దొరికితే సూదితో కాల్చివేయవచ్చు, కోసి తీసేయవచ్చు, తగినవారికి కాలేయ మార్పిడీ చేయవచ్చు. కామెర్లు, కడుపులో నీరు వచ్చాక దొరికితే ఆ దారులు చాలావరకు మూసుకుపోతాయి.

జల్లెడకు చిక్కనివారికి పనికొచ్చేది కాలేయం మీద దెబ్బను తగ్గించడమే. ఒంటి బరువులో పదో వంతు తగ్గినవారిలో చాలామందికి కాలేయపు వాపు తగ్గింది, కొందరిలో మచ్చ కూడా వెనక్కి మళ్లింది. మద్యం పూర్తిగా మానడం, షుగర్‌ను అదుపులో ఉంచడం వీటికి తోడు. కామెర్లు వచ్చినప్పుడు పసరు మందు కోసం పరుగెత్తే మన అలవాటు మాత్రం, అసలే దెబ్బతిన్న కాలేయం మీద మరో భారం మోపే ప్రమాదం ఉంది.