కోరినది, కావలసినది

ఇల్లు కట్టించు గృహస్థుడు, గోడలు లేచిన పిదప వాకిలి తూర్పునకు మార్చుమన్నచో తాపీమేస్త్రీ వెంటనే అదనపు కూలిని, గడువును లెక్క చెప్పును. గోడ కంటికి కనబడును గనుక గృహస్థుడును కాదనడు. కంప్యూటరు సాఫ్ట్‌వేరు కంటికి కనబడని కట్టడము. అందు వాకిలి మార్చుట ఒక్కమాటతో అగునని చేయించుకొనువారి తలంపు.

ఈ తలంపు ఎంతకు దారితీయునో అమెరికా నేరపరిశోధన సంస్థయగు ఎఫ్.బి.ఐ. అనుభవము తెలుపుచున్నది. కేసుల కాగితములకు బదులుగా కంప్యూటరు ఏర్పాటు చేయుటకు ఆ సంస్థ 2001లో ఎస్.ఏ.ఐ.సి. అను కంపెనీకి పని నొప్పగించెను. కావలసిన అంశముల పట్టికయే 800 పుటలు మించెను. ఇంత వ్రాసికొన్న పిదప పేచీ యేల? పుటలెన్నియైనను, ఇరువురి మనస్సులలోని బొమ్మ ఒక్కటి కావలెను గదా! పని నడుమ ఎఫ్.బి.ఐ. వందలకొలది మార్పులు కోరెనని కంపెనీ వాదము. 2003 డిసెంబరులో చేతికి వచ్చిన సాఫ్ట్‌వేరును ఎఫ్.బి.ఐ. అంగీకరింపలేదు. మధ్యవర్తి 59 వివాదాంశములను పరిశీలించి, 40 కంపెనీ దోషములనియు, 19 ఎఫ్.బి.ఐ. మార్చిన కోరికలనియు తేల్చెను. 2005లో ఆ పనిని విడిచిపెట్టిరి. అయిన వ్యయము సుమారు 17 కోట్ల డాలరులు.

నా దృష్టిలో ఆ 40 కంటె ఈ 19 అంశములే ఎక్కువ విచారింపదగినవి. దోషమును దిద్దవచ్చును, మారుచున్న కోరికను దిద్దుటకు వీలులేదు, దానిని అడిగి తెలిసికొనవలెను. తెరపై అక్షరములు పెద్దవి చేయుడని ఒక ఆఫీసువారు కోరిరనుకొందము. విచారించినచో, అక్కరలేని గళ్లు అనేకముండుటచే గుమాస్తాకు కావలసిన గడి దొరకకపోవుటయే అసలు బాధ కావచ్చును. అక్షరములు పెంచిన ఆ బాధ తీరదు. కనుక సరే యనుటకు ముందు, కాదనుటకు ముందు, ఎందులకని యడుగవలెను. అటుపిమ్మట ఆ మార్పునకు పట్టు రోజులు, అగు వ్యయము కాగితముపై పెట్టి ఉభయులును సంతకము చేయవలెను. అధికారి యొకటి, గుమాస్తా యొకటి చెప్పుట ఏ ఆఫీసులోనైన నున్నదే. తుదిమాట ఎవరిదో మొదటనే నిర్ణయించుకొనుట మేలు.

ఎఫ్.బి.ఐ. 2006లో ‘సెంటినెల్’ అను పేర మరల ప్రారంభించెను. అదియు ఆలస్యము కాగా, 2010లో నిర్వహణను తానే చేపట్టి, చిన్న బృందముతో రెండేసి వారములకు కొంత భాగము ముగించి చూపు పద్ధతి నవలంబించెను. చూచినవారు అప్పుడే తమ అభిప్రాయము చెప్పుటకు వీలు కలిగెను. 2012 జూలైలో సెంటినెల్ సంస్థలో వాడుకకు వచ్చెను.