దివిసీమకు ఒకనాటి బస్సు యాత్ర



ద్వీపమనగానే అది నడిసముద్రమున నెక్కడనో యుండునని మనము తలంతుము. కాని మన బెజవాడకు రెండుమూడు గంటల బస్సు ప్రయాణములోనే ఒక ద్వీపము కలదు. కృష్ణానది సముద్రమును చేరకమునుపు రెండు పాయలుగా చీలి, నడుమ నిలిపిన నేలయే దివిసీమ. సొంత వాహనము లేకయే, బాడుగ కారు మాటాడకయే, పెద్దలు ఒక్క పగటిలో దీనిని చూచి రాత్రి భోజనమునకు ఇల్లు చేరవచ్చును. అందులకు వలయు ఏర్పాటును ఈ ప్రసంగమున మనవి చేసెదను.

ముందుగా ఆ సీమ రూపము మనస్సున నుంచుకొనవలయును. తాటాకు విసనకఱ్ఱ నొకదానిని తలంపుడు. నది చీలు పులిగడ్డ, దాని చేరువనున్న అవనిగడ్డ విసనకఱ్ఱకు పిడి. తూర్పు అంచున కోడూరు మీదుగా హంసలదీవి. పడమటి అంచున నాగాయలంక. ఆకు చివర యంతయు సముద్రము. బస్సులన్నియు పిడికడనే కూడును. కావున ఒక అంచు చూచిన పిదప మరల అవనిగడ్డకు వచ్చి, రెండవ అంచునకు పోవుట సులభము.

ద్వీపయాత్రకు నేను పాటించు సూత్ర మొక్కటియే. పోవు బస్సును గూర్చి గాక, తిరిగివచ్చు బస్సును గూర్చి ముందుగా విచారింపవలయును. పట్టణమున బస్సు తప్పిన మఱియొకటి వచ్చును. సముద్రపు అంచున కడపటి బస్సు తప్పినచో, ముందు నీరు, వెనుక చీకటి. అందుచేత దూరముననున్న హంసలదీవిని ఉదయముననే చూడవలయును; దగ్గరనున్న నాగాయలంకను మధ్యాహ్నమునకు మిగుల్చుకొనవలయును. దీనిని తలక్రిందులు చేసినవారికి సాయంకాలమంతయు గడియారము చూచుటతోడనే సరిపోవును.

తెల్లవారుజామున అయిదు గంటలకు బెజవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషనులో అవనిగడ్డ బస్సు పట్టుకొనుట మంచిది. ఉయ్యూరు, పామఱ్ఱు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి దాటి పులిగడ్డ చేరుదుము. ఇచ్చట అక్విడక్టును చూడవలయును. కాలువ నీటిని నదిపాయ మీదుగా దాటించి ద్వీపమునకు అందించు కట్టడ మది. బెజవాడకడ 1855లో ముగిసిన ఆనకట్ట, దాని పిదప 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజి మరల్చిన నీరే ఇంతదూరము వచ్చి దివిసీమ వరిచేలను తడుపుచున్నది. ఈ సంగతి తెలిసి చూచినవారికి ఆ వంతెన వట్టి వంతెనగా తోపదు.

అవనిగడ్డలో దిగగానే విచారణ గదికి పోయి, మూడు సంగతులు కాగితముపై వ్రాసికొనుడు: కోడూరు వైపు బస్సు ఎప్పుడు? అచ్చటినుండి తిరుగు బస్సు ఎప్పుడు? బెజవాడకు రాత్రి కడపటి బస్సు ఎప్పుడు? బస్సు కోడూరుతో ఆగినచో, అచ్చటినుండి పలువురు కలిసి ఎక్కు ఆటో మాటాడుకొని, తిరుగు ప్రయాణమును గూడ అప్పుడే ఒప్పించుకొనవలయును.

హంసలదీవిలో వేణుగోపాలస్వామి దర్శనము చేసికొని, సాగరసంగమమునకు పోవచ్చును. మాఘ పౌర్ణమినాడు ఇచ్చటికి విశేషముగా జనులు వచ్చెదరు. స్నానము కోరువారు ఆనాడు పోవుదురు గాక. నెమ్మదిగా చూడగోరువారు మఱియొకనాడు పోవుట మేలు. నదియు కడలియు కలియుచోట నీటి లాగుడు పైకి కానరాదు. పిల్లలను చేయి విడువక ఒడ్డుననే నిలుపుడు.

మధ్యాహ్నము అవనిగడ్డలో భోజనము చేసి నాగాయలంక పోయినచో, నది ఒడ్డున శ్రీరామపాద క్షేత్రపు రేవు కలదు. ఇచ్చటినుండి దిగువను మడ అడవులు మొదలగును. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన ఈ సీమను ముంచివేసినది. కృష్ణాతీరమున వేలకొలది ప్రజలు మరణించిరి. సొర్లగొంది వంటి పల్లెలు నాశమయ్యెను. మడచెట్లు సముద్రపు పోటు వేగమును కొంత తగ్గించునవి. వానిని చూపించునపుడు మనుమలకు ఈ మాటయు చెప్పుడు. ఆ దినమును ఎఱిగిన వృద్ధులు ఆ యూళ్లలో నేటికిని కలరు. వారు చెప్పిన వినవలయును గాని, వేడుకకు ప్రశ్నింపరాదు.

సంక్రాంతి పిదప ఫాల్గుణము వఱకు ఈ యాత్రకు అనువైన కాలము. తుపాను హెచ్చరిక యున్నపుడు ప్రయాణము మానవలయును. 60 ఏండ్లు నిండినవారికి ఆర్టీసీ బస్సులలో చార్జీపై నూటికి 25 వంతుల తగ్గింపు కలదు. 2025 ఆగస్టు 15 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో రాష్ట్రపు స్త్రీలకు చార్జీయే లేదు. రెండింటికిని గుర్తింపు కార్డు వెంట నుండవలయును.

శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును, ఘంటసాల బౌద్ధస్తూపమును గూడ అదేనాడు చూచెదమని కొందఱందురు. అవి పాయకు ఈవలి గట్టునవి. వానికి వేఱొక దినము కేటాయించుడు. ఒక దినమునకు ఒక ద్వీపము చాలును. ఎక్కువ చూడవలెనను ఆశయే కడపటి బస్సును తప్పించునది.