క్యారీ – ఒక క్రియాపదం, పలు తెలుగు మాటలు

ఒక వస్తువును ఒక చోటి నుండి మరొక చోటికి చేర్చడం మానవుడు నిత్యం చేసే పని. ఈ పనికి ఆంగ్లంలో విరివిగా వాడే క్రియాపదం ‘క్యారీ’. దీనికి తెలుగు అర్థం అడిగితే చాలామంది ‘మోయు’ అని చెబుతారు. ఆ ఒక్క అర్థాన్నే కంఠస్థం చేసిన విద్యార్థి ‘వర్షాకాలంలో గొడుగు మోయాలి’ అనీ, ‘తీగలు విద్యుత్తును మోస్తాయి’ అనీ అనువదిస్తాడు. ఈ వాక్యాలలో వ్యాకరణ దోషం లేదు. అయినా అవి తెలుగువారు పలికే మాటలు కావు. ఇందుకు కారణం తెలియాలంటే ఆ పదం పుట్టుకను, దాని స్థానంలో తెలుగువారు వాడే మాటలను పరిశీలించాలి.

క్యారీ అనే పదానికి మూలం బండి. లాటిన్ భాషలో ‘కార్రుస్’ అంటే చక్రాల బండి. ఆ పదాన్ని రోమన్లు గాల్ ప్రాంతవాసుల నుండి గ్రహించారు. దాని నుండి ఉత్తర ఫ్రాన్సులో ‘బండి మీద చేరవేయు’ అనే అర్థం గల క్రియ ఏర్పడింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత ఎన్నో ఫ్రెంచి పదాలు ఆంగ్లంలో చేరాయి. వాటిలో ఇదీ ఒకటి. కారు, కార్గో అనే పదాలు దీనికి తోబుట్టువులే. కాలక్రమంలో బండి మరుగున పడి, ఎలా చేరవేసినా క్యారీ అనడం వాడుక అయింది.

తెలుగులోనూ ఇటువంటి మార్పు జరిగింది. ‘తోలు’ అనే క్రియకు పశువులను ముందుకు నడిపించడం అని అర్థం. ఎడ్లను తోలేవాడు బండి తోలాడు. బండిలోని సరుకుకూ ఆ మాటే వర్తించింది. నేటికీ రైతులు పొలానికి ఎరువు తోలుతారు. చెరువు మట్టి తోలుతారు. ఎడ్లబండి స్థానంలో ట్రాక్టరు వచ్చినా ‘ఇసుక తోలకం’ అనే మాట నిలిచే ఉంది. కాబట్టి ‘బండిలో ఎరువును క్యారీ చేశారు’ అనే భావానికి ‘ఎరువు తోలారు’ అనేదే సహజమైన తెలుగు.

శరీరంతో చేసే పనిలో తెలుగు మరింత సూక్ష్మభేదాన్ని పాటిస్తుంది. బరువు తెలిసేలా తల మీదనో, భుజం మీదనో, వీపు మీదనో ఉంటేనే అది మోత. గొడుగు, చేతిసంచి వంటి వాటిని పట్టుకొని వెళతాం. పసిబిడ్డను ఎత్తుకొంటాం లేదా చంకనెత్తుకొంటాం. పీపాను దొర్లిస్తాం; దుంగను ఈడుస్తాం; బీరువాను పక్కకు జరుపుతాం. బద్దకు రెండు వైపులా బరువు వేలాడదీసి భుజాన వేసుకొంటే అది కావడి. గడ్డినో కట్టెలనో కట్టకట్టి తలకెత్తుకొంటే అది మోపు. తల్లి ఎత్తుకొన్న బిడ్డ బరువు కాదు. అయితే ఆ బిడ్డనే ‘నవమాసాలు మోసి కన్నది’ అంటాం. ఆ మాటలో తల్లి పడిన శ్రమ ఉంది. మనిషి చివరి ప్రయాణంలో పాడెను కూడా మోస్తారు.

కంటికి కనిపించని భారాలకు తెలుగు ఎక్కువగా సంస్కృత పదాలను ఆశ్రయించింది. బాధ్యత వహిస్తాం, కష్టాన్ని భరిస్తాం. ఆంగ్లంలో వాహనానికి వాడే ‘వెహికిల్’, మన ‘వాహనం’ దూరపు బంధువులు. ఓర్చుకోవడానికి ఆంగ్లేయులు వాడే ‘బేర్’, మన ‘భరించు’ కూడా అంతే. ఇతర భాషల పదాలూ మన వాడుకలో కలిశాయి. బరువులు మోసే ‘హమాలీ’ అరబ్బీ మూలం గలది. ‘రవాణా’ పారశీకం నుండి వచ్చింది. ఇక క్యారీ నుండి పుట్టిన ‘క్యారియరు’ మన ఇళ్లలో అన్నం గిన్నెల వరుసగా స్థిరపడింది.

కొన్ని సందర్భాలలో పదాన్నే కాదు, వాక్య నిర్మాణాన్నీ మార్చవలసి ఉంటుంది. ఆంగ్లంలో తీగ కర్తగా ఉండి విద్యుత్తును క్యారీ చేస్తుంది. తెలుగులో విద్యుత్తే కర్తగా మారి తీగలో ప్రవహిస్తుంది. ఆంగ్లంలో దోమ వ్యాధిని క్యారీ చేస్తుంది. తెలుగులో దోమల వల్ల వ్యాధి వ్యాపిస్తుంది. పత్రిక వార్తను ప్రచురిస్తుంది. కూడికలో 7, 8 కలిపితే 15. 5 వేసి, 1 చేతిలో ఉంచుకొంటాం. కబురును చేరవేస్తాం, కాని చాడీలను మోస్తాం. ఇక్కడ ‘మోయు’ అనడంలోనే నింద ఉంది.

నేటి వార్తారచనలో ఈ భేదాలు కొంతవరకు చెరిగిపోతున్నాయి. ధాన్యమైనా, నీరైనా, క్షతగాత్రులైనా ‘తరలించారు’ అనే ఒకే మాటతో సరిపెట్టడం అలవాటైంది. ఇది తప్పుమాట కాదు; కాని అన్ని చోట్లా చాలినంత మాట కాదు. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో రహదారి లేని కొండ గ్రామాలు ఉన్నాయి. అక్కడ రోగులనూ, నిండు గర్భిణులనూ కర్రకు కట్టిన డోలీలో పడుకోబెట్టి, కొండదారుల వెంట భుజాల మీద మోసుకొని వస్తారు. దీనికి ‘డోలీ మోత’ అని పేరు. ఆ స్థానంలో ‘ఆసుపత్రికి తరలించారు’ అని రాస్తే వార్త చేరుతుంది. కాని మోసిన భుజాలు కనిపించవు. రోడ్డు లేదన్న నిజమూ కనిపించదు.

అందువల్ల క్యారీ వంటి పదం ఎదురైనప్పుడు అర్థం వెతకడానికి ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. కదిలినది ఏమిటి? కదిలించినది ఎవరు? దేనితో కదిలించారు? అందులో శ్రమ ఎంత? సమాధానాలు తెలిస్తే తగిన తెలుగు మాట దానంతట అదే స్ఫురిస్తుంది. అనువాదకుడు చేర్చవలసినది పదాన్ని మాత్రమే కాదు, ఆ పదం వెనుక ఉన్న పనినీ, ఆ పని చేసిన మనిషినీ.