నిర్బంధకాలమున షోలాపురపు తెలుగు కుటుంబము

మహారాష్ట్రమందలి షోలాపురమున తెలుగువారు స్థిరపడి నూరేండ్లు దాటినది. కరీంనగరము, నల్లగొండ, వరంగల్లు, పాలమూరు ప్రాంతముల నుండి పద్మశాలి కుటుంబములు మగ్గమును నమ్ముకొని ఈ నగరమునకు వచ్చి చేరినవి. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున ఇచ్చట నూలు మిల్లులు వెలసిన పిమ్మట ఆ రాక మరింత హెచ్చినది. నేడు వారి వంశీయులలో పురుషులు పెక్కురు సాంచాలపై దుప్పట్లు, తువ్వాళ్ళు నేయుదురు. స్త్రీలు పెక్కురు ఇంటనే కూర్చుండి బీడీలు చుట్టుదురు. ఇండ్లు చిన్నవి, కుటుంబములు పెద్దవి. ఇట్టి ఇండ్లు 2020లో కరోనా నిర్బంధమును ఎట్లు గడపినవో పరిశీలించుట, ప్రవాసాంధ్ర జీవనమును తెలిసికొన గోరువారికి ఉపయోగకరము.

ఆ సంవత్సరము మార్చి 22వ తేదీన దేశమంతట జనతా కర్ఫ్యూ జరిగెను. 25వ తేదీ నుండి 21 దినముల నిర్బంధము విధింపబడి, పలుమారులు పొడిగింపబడి, మే 31 వరకు సాగెను. ఊరికంతకు వర్తించు ఈ నిర్బంధము వేరు. రోగి సంపర్కము కలిగిన వారిని కొన్ని దినములు విడిగా నుంచు క్వారంటైను వేరు. ఈ రెండవ పద్ధతి ప్రాచీనమైనది. ప్లేగు భయముచే రగూసా రేవు 1377లో పరదేశముల నుండి వచ్చినవారిని 30 దినములు వెలుపలనే నిలిపెను. తరువాత ఆ గడువు 40 దినములైనది. ఇటలీ భాషలో నలువదికి గల పేరు నుండియే ఈ మాట పుట్టినది. కరోనా విషయమున, రోగము సోకిన నాటి నుండి లక్షణములు పైకి కనబడుటకు 14 దినముల వరకు పట్టవచ్చును గనుక, గడువును 14 దినములుగ నిర్ణయించిరి.

నగరపు తూర్పు భాగమున గల ఒక యింటిని ఉదాహరణముగ తీసికొనవచ్చును. అందు నాలుగు తరములవారు ఎనిమిదిమంది: ఎనుబది దాటిన ముత్తవ్వ, ఆమె కుమారుడు, కోడలు, ఇద్దరు మనుమలు, పెద్ద మనుమని భార్య, వారి పిల్లలిద్దరు. ఇల్లు రెండు గదులు, ముందొక వసారా, పైన డాబా. పగలు పురుషులు కార్ఖానాలకు, పిల్లలు బడికి పోవుటచేతనే ఆ యిల్లు ఇన్నాళ్ళు ఎనిమిదిమందికి చాలినది. అందరును రేయింబవళ్ళు ఇంట నుండవలసి వచ్చిన నాడుగాని అది ఎంత యిరుకో వారికి తెలియలేదు.

మొదటి దెబ్బ సంపాదనపై పడెను. బీడీ పనికి కూలి వేయి బీడీల లెక్కన లభించును. కార్ఖానా నుండి తునికి ఆకు, తంబాకు తెచ్చుకొని, ఆకు తడిపి, కత్తిరించి, చుట్టి, దారము కట్టి మరునాడు అప్పగించిననే కూలి. కార్ఖానా మూతపడగనే ఆకు రాలేదు, సాంచాలును ఆగెను. కేంద్రప్రభుత్వము ఏప్రిల్ నుండి మనిషికి నెలకు 5 కిలోల వంతున ఉచితముగ నిచ్చిన బియ్యము ఎనిమిదిమందికి 40 కిలోలు. అన్నమునకు లోటు లేకపోయినను నూనెకు, పాలకు, మందులకు చేతిలో పైకము లేదు. ఆ లెక్క యింటి కోడలికి తెలిసినంతగా పురుషులకు తెలియదు. ఏ నెల ఎంత కూలి వచ్చినది, ఎవరికెంత బాకీ అను సంగతులన్నియు ఆమె చెప్పగా, భర్తయు కుమారులును మొదటిసారి కూర్చుండి వినిరి. పిమ్మట ఆకు మరల వచ్చినప్పుడు కుమారులిద్దరును ఆకు కత్తిరించుట నేర్చిరి. ఆడువారి పనియని అంతవరకు వారు ఆ కత్తెర ముట్టియుండలేదు.

మే మాసమున అసలు పరీక్ష వచ్చెను. చిన్న మనుమనితో కలసి పనిచేసిన వానికి రోగము సోకినట్లు తేలెను. మునిసిపాలిటీవారు చిన్నవానిని 14 దినములు విడిది కేంద్రమునకు గొనిపోయిరి. తక్కినవారిని ఇల్లు కదలవలదనిరి. ముత్తవ్వను వసారాలో ఒంటరిగ నుంచి, గడప దాటరాదని నిర్ణయించుకొనవలసి వచ్చెను. ఆమె సమ్మతింపలేదు. “ఇల్లు నాదే, గడప నాకే అడ్డమా?” అని అన్నము ముట్టక కూర్చుండెను.

ఆమెకు సూక్ష్మజీవుల సంగతి చెప్పిన ప్రయోజనము లేకపోయెను. తుదకు కుమారుడు ఆమెకు తెలిసిన ఆచారముతోనే నచ్చజెప్పెను. ఆటలమ్మ పోసిన యింటికి వేపమండ కట్టుటయు, పురిటిగదికి ఇతరులు పోకుండుటయు ఆమె ఎరిగినవే. అచ్చట దూరముంచునది రోగిని, బాలింతను. ఇప్పుడట్లు కాదు. రోగము ఎవరిలో నున్నదో తెలియదు. అందరికంటె దానిచే ప్రాణభయము గలది వృద్ధులకు. కావున ఈసారి దూరముంచునది రోగిని కాదు, రోగము రాగూడని వారిని. ఈ మాట విన్న మీదట ఆమె తానే వసారా గుంజకు వేపమండ కట్టించుకొని, “ఎవ్వరు రాకుండ్రి” అని లోపలివారికి ఆజ్ఞ యిచ్చెను. నిషేధము తనపై పెట్టినదిగాక తాను పెట్టినది కాగా, దానిని అందరికంటె గట్టిగా పాటించినది ఆమెయే.

ఆ పదునాలుగు దినములలోనే కరీంనగరము వైపున ఆమె చెల్లెలు వృద్ధాప్యముచే మరణించెను. రాష్ట్రపు సరిహద్దు దాటుటకు అనుమతి కావలెను. ఈ యింటివారికి వీధి దాటుటకే వీలు లేదు. ఫోనులో ఆమె కడచూపు చూచెను. తెలుగు ఇండ్లలో చావు కబురు వచ్చినప్పుడు స్త్రీలు ఒకరినొకరు పట్టుకొని ఏడ్చుట వాడుక. ఆ పూట ముత్తవ్వను పట్టుకొనుటకు ఎవ్వరును పోరాదు. కోడలు గడపకు ఇవతల చాప పరచుకొని తెల్లవారువరకు కూర్చుండెను. నలువదేండ్లుగ వారిరువురకు పెద్దగా పొసగినది లేదు. ఆ రాత్రి ముత్తవ్వ చెల్లెలి చిన్ననాటి సంగతులు చెప్పుచుండ కోడలు వినుచుండెను.

పిల్లల చదువు మరియొక చిక్కు. బడులు మార్చి నెలలోనే మూతపడినవి. జూలై నుండి దూరదర్శనమున పాఠములు వచ్చినను అవి మరాఠీలో వచ్చినవి. తెలుగు మాధ్యమపు పిల్లలకు బాలభారతి తెలుగు పాఠ్యపుస్తకమే దిక్కు. ఇంటిలో నున్న ఒక్క ఫోనును అందరకు కావలెను. ఆ లోటును కొంతవరకు తీర్చినది ముత్తవ్వ. గడువు దినములలో గడపకు దూరముగ కూర్చున్న పిల్లలకు ఆమె చేనేత సంగతులు చెప్పుచు వచ్చెను. బాబిన్, షటిల్ అను మాటలే తెలిసిన పిల్లలు కండె, నాడె, పడుగు, పేక, ఆసు, అచ్చు అను మాటలను నోటుపుస్తకమున వ్రాసికొనిరి. వానిలో కొన్ని వారి తండ్రికిని తెలియవు. సాంచా వచ్చిన పిదప పని మిగిలినది, పేర్లు మరుగైనవి. చదువురాని ముత్తవ్వ చెప్పినది చదువుకొను పిల్లలు వ్రాయకున్న ఆ మాటలు ఆమెతోనే పోవలసినవి.

గడువు తీరి చిన్నవాడు క్షేమముగ తిరిగి వచ్చెను. ఇంటిలో ఎవ్వరికిని రోగము రాలేదు. ఇట్లు గట్టెక్కిన ఇండ్లే అన్నియు కావు. 2021లో రెండవ తరంగము వచ్చినప్పుడు ఎన్నియో కుటుంబములలో పెద్దలు పోయిరి. వారితో కూడ వారు ఎరిగిన సంగతులును పోయినవి.

పరదేశమున భాష నిలుచుటకు బడి ఒక ఆధారము, ఇల్లు మరియొక ఆధారము. బడి మూతపడిన కాలమున ఇల్లే ఆ పనిని కొంత నెరవేర్చినది. బడులు తెరచిన పిమ్మట ఇంటివారు మరల ఎవరి పనులకు వారు పోయిరి. పెద్దల మాట వినుటకు తీరిక మరల తగ్గినది. నిర్బంధము విధించినప్పుడు దొరికిన ఆ తీరికను స్వేచ్ఛగా నున్నప్పుడును దినమునకొక గడియ దక్కించుకొనిన, ప్రతి ఇంటను అట్టి నోటుపుస్తక మొకటి తయారు కాగలదు. దానికి ధనము అక్కరలేదు. చెప్పువారు ఉండగనే అడిగి వ్రాసికొనవలెను.