మీకు తెలుసా? శక్తికి హద్దు గీస్తేనే సూపర్ హీరో లోకం

నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. చేతిలో పెన్సిల్, ఎదురుగా ఒక కాగితం, మధ్యలో పాచికలు. ఒకరు గేమ్ మాస్టర్. ఊరినీ, విలన్లనీ, దారిన పోయేవాళ్లనీ నడిపించే బాధ్యత ఆ మనిషిది. మిగతావాళ్లు తలా ఒక హీరో. "ఆ మేడ మీంచి దూకుతున్నాను" అని నోటితో చెబుతారు, దూకి నిలబడ్డారో లేదో పాచికలు తేలుస్తాయి. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటే ఇదే.

ఇలాంటి ఆట కోసం సూపర్ హీరోల లోకాన్ని కట్టడం తేలిక కాదు. గాల్లో ఎగిరేవాడు, గోడల్లోంచి నడిచేది, మనసులు చదివేవాడు ఒకే కథలో దిగితే ఇక అసాధ్యం ఏముంటుంది? అసాధ్యం లేని చోట కథ ఏముంటుంది? ఆ లోకాలను కట్టినవాళ్లు ఈ చిక్కును ఒక్కొక్కరు ఒక్కోలా విప్పారు.

1. మొదటి ఆట భవిష్యత్తులో జరిగింది

డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చింది. మూడేళ్లకే, 1977లో, డొనాల్డ్ సాక్స్‌మన్ 'సూపర్ హీరో 2044' తెచ్చాడు. సూపర్ హీరోల కోసం అచ్చయిన తొలి రోల్‌ప్లేయింగ్ గేమ్‌గా దీన్ని చెప్పుకుంటారు. కథ జరిగేది 2044లో, ఒక కల్పిత ద్వీపంలో. దీవిలో ఒక సౌకర్యం ఉంది. చుట్టూ నీళ్లే కాబట్టి లోకానికి అంచు ఎక్కడో అందరికీ తెలుసు. గేమ్ మాస్టర్ ప్రపంచమంతా కల్పించి కూర్చోనక్కర్లేదు.

2. ఒక ఆటలో హీరో మీరే

1979లో జెఫ్ డీ, జాక్ హెర్మన్ రాసిన 'విలన్స్ అండ్ విజిలాంటీస్'లో ఆటగాడు తన బలం ఎంతో, తెలివి ఎంతో తానే అంచనా కట్టుకుని, తననే పాత్రగా కాగితం మీద పెట్టుకోవాలి. ఆ మామూలు మనిషికి ఏ శక్తులు వస్తాయో పాచికలు చెబుతాయి. ఇక లోకం కోసం వెతుక్కోవాల్సిన పని ఏముంది? మీ వీధి, మీ బస్‌స్టాండు, మీరు రోజూ టీ తాగే కొట్టు చాలు.

3. కష్టాలకు పాయింట్లు ఇచ్చారు

జార్జ్ మెక్‌డొనాల్డ్, స్టీవ్ పీటర్సన్ 1981లో తెచ్చిన 'చాంపియన్స్'లో శక్తులను పాయింట్లు పెట్టి కొనుక్కోవాలి. చేతిలో ఉన్న పాయింట్లు చాలకపోతే కష్టాలు నెత్తిన వేసుకోవాలి. వెంటాడే శత్రువు, కాపాడుకోవాల్సిన అమ్మమ్మ, ఒళ్లు తెలియని కోపం, ఇలా ఏదో ఒకటి.

శత్రువు సంగతే తీసుకోండి. ఆట మొదట్లో గేమ్ మాస్టర్ మూడు పాచికలు వేస్తారు. అరుదుగా వచ్చే శత్రువైతే మొత్తం 8 లేదా అంతకన్నా తక్కువ పడినప్పుడే ప్రత్యక్షమవుతాడు. లెక్క వేస్తే నాలుగు ఆటల్లో ఒకసారి. 11 దాకా ఒప్పుకుంటే వంద ఆటల్లో 62 సార్లకు పైనే. 14 దాకా అంటే పదింట తొమ్మిదిసార్లు ఇంటి ముందు ఉన్నట్టే. శత్రువు ఎంత తరచుగా వస్తే అన్ని ఎక్కువ పాయింట్లు. హీరోని ఇబ్బంది పెట్టని బలహీనతకు ఒక్క పాయింటు కూడా రాదు. ఆటగాళ్లు తమ శత్రువులనీ ఆప్తులనీ రాసి ఇచ్చేసరికి గేమ్ మాస్టర్ లోకంలో సగం దానంతటదే తయారవుతుంది.

4. ఒక్క పాయింటు పెరిగితే బలం రెట్టింపు

చదరంగం గళ్లలో గింజలు రెట్టింపు చేసుకుంటూ పోయిన కథ గుర్తుందా? 1985లో మేఫెయిర్ సంస్థ తెచ్చిన 'డీసీ హీరోస్' కొలత అదే. అందులో 0 పాయింట్ల బరువు 50 పౌండ్లు, అంటే ఇంచుమించు 23 కిలోలు. మనం ఇంటికి తెచ్చుకునే పాతిక కిలోల బియ్యం బస్తా కన్నా కాస్త తక్కువ. పది పాయింట్లకు అది దాదాపు 23 టన్నులు, సరుకు నింపిన లారీ. ఇరవై పాయింట్లకు 23 వేల టన్నులు దాటుతుంది, ఏకంగా ఒక ఓడ! డిటెక్టివ్‌నీ, ఓడను భుజానికెత్తుకునేవాణ్ణీ ఒకే కాగితం మీద చిన్న అంకెలతో కొలవడానికి ఈ ఏర్పాటు.

5. ఒక ఆటలో 'కర్మ' ఉంది

1984లో టీఎస్ఆర్ సంస్థ కోసం జెఫ్ గ్రబ్ రూపొందించిన 'మార్వెల్ సూపర్ హీరోస్'లో మంచి పని చేస్తే వచ్చే పాయింట్ల పేరు అచ్చంగా కర్మే. ఇచ్చిన మాట ప్రకారం ఇంటివాళ్ల దగ్గరికి వెళ్లినా కర్మ వస్తుంది, వెళ్లకపోతే పోతుంది. గండం వచ్చినప్పుడు పాచికల అంకెను పెంచుకోవడానికి దాన్ని ఖర్చు పెట్టుకోవచ్చు. ఎవరినైనా చంపితే మాత్రం కూడబెట్టుకున్నదంతా ఒక్క దెబ్బతో సున్నా. అక్కడ నీతి ఉపన్యాసంగా కాక లెక్కగా ఉంది. అందుకే కుర్రాళ్లు కూడా చెయ్యి ఎత్తేముందు ఆగి ఆలోచిస్తారు.

6. ఒక ఆట పుస్తకాల వరసగా మారింది

1983లో రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్‌కు పుట్టినరోజు కానుకగా 'సూపర్‌వరల్డ్' అనే ఆట అందింది. ఇచ్చింది తోటి రచయిత విక్టర్ మిలాన్. న్యూ మెక్సికోలోని ఆ రచయితల బృందం ఆటలో మునిగిపోయింది. ఆ పాత్రలూ ఆ ఊహలే 1987 నుంచి 'వైల్డ్ కార్డ్స్' పుస్తకాలయ్యాయి.

అందులో శక్తులన్నిటికీ ఒకటే మూలం. 1946 సెప్టెంబరు 15న న్యూయార్క్ మీద ఒక గ్రహాంతర వైరస్ విడుదలవుతుంది. అది సోకిన నూరుమందిలో తొంభైమంది చనిపోతారు, తొమ్మిదిమంది రూపం వికృతమై బతుకుతారు, ఒక్కరికే శక్తి వస్తుంది. ఈ మూడు అంకెలు చాలు, ఆ లోకంలో శోకం ఎంతో, వివక్ష ఎలా పుడుతుందో, ఆ ఒక్కరి మీద ఎంత అసూయ ఉంటుందో ఊహించుకోవడానికి.

7. పేరున్న కల్పిత నగరాలకు ఒక్కో గాయం ఉంది

చాంపియన్స్ లోకంలో 1992లో డాక్టర్ డిస్ట్రాయర్ అనే విలన్ డెట్రాయిట్‌ను నేలమట్టం చేస్తాడు. ఆ శిథిలాల మీద లేచిందే మిలీనియం సిటీ. స్టీవ్ కెన్సన్ మరో ఆట కోసం సృష్టించిన ఫ్రీడమ్ సిటీలో 1993 నాటి దండయాత్రను ఆపుతూ సెంచూరియన్ అనే మహావీరుడు ప్రాణం వదులుతాడు. కొత్త హీరో ఆ వీధుల్లో అడుగుపెట్టేసరికే ఊరికి జ్ఞాపకాలు ఉన్నాయి.

8. పెద్దల మాట పిల్ల హీరోల్ని మార్చేస్తుంది

బ్రెండన్ కాన్వే రాసిన 'మాస్క్స్' 2016లో వచ్చింది. హీరోలంతా టీనేజ్ పిల్లలు. వాళ్ల కాగితం మీద కండబలం అంకె కనపడదు. తమను తాము రక్షకులుగా చూసుకుంటున్నారా, ప్రమాదకారులుగానా, మామూలు మనుషులుగానా అన్నదానికే అంకెలు. "నువ్వు ఎవరికో ఒకరికి హాని చేస్తావు" అని ఒక పెద్దాయన అన్నాడనుకోండి. ఆ మాట మనసుకు తగిలితే 'ప్రమాదం' ఒక మెట్టు పైకి, మరో అంకె ఒక మెట్టు కిందికి. పిల్లల్ని పెంచినవాళ్లకు ఈ లెక్క కొత్తగా అనిపించదు.

9. హద్దు గీయడం మనకూ తెలుసు

శాపం వల్ల తన బలం తానే మరిచిపోయిన హనుమంతుడికి సముద్రం ఒడ్డున జాంబవంతుడు గుర్తుచేయాల్సి వచ్చింది. గుర్తుచేసేవాడు ఒకడు కావాలి అనే ఆ ఒక్క షరతు వల్లే ఆ ఘట్టం ఇన్ని తరాలుగా మన ఒళ్లు పులకరింపజేస్తోంది. 2024లో వచ్చిన తెలుగు సినిమా 'హను-మాన్' కూడా కథను అంజనాద్రి అనే ఒక్క కల్పిత ఊళ్లో నిలబెట్టింది.

వచ్చే ఆదివారం మీ పిల్లలతోనో స్నేహితులతోనో కూర్చుంటే ఇలా మొదలుపెట్టండి. కాగితం మీద మొదటి వరసలో మీ హీరో ఏం చేయలేడో రాయండి. రెండో వరసలో ఇంటి దగ్గర అతని కోసం ఎవరు ఎదురుచూస్తారో రాయండి. శక్తి పేరు మూడో వరసలో రాసుకోవచ్చు.