కాలేయ రక్షణ - మన గట్టు మీది ఓషధులు

మలికిపురం ప్రాంతపు కొబ్బరితోటలలో, చేలగట్లపై వర్షాలు పడగానే నేలఉసిరి జానెడెత్తున లేస్తుంది. చింతాకును పోలిన ఆకులు, వాటి అడుగున మిరియపు గింజకన్న చిన్న కాయలు. కాలువ ఒడ్డున తడినేలలో గుంటగలగర తెల్లని పూలతో పరచుకుంటుంది. నేలవేము కొంత మెరకను కోరుతుంది. ఈ మూడింటికీ కామెర్ల మందులుగా చిరకాల ప్రసిద్ధి ఉన్నది. సంస్కృతంలో ఇవి వరుసగా భూమ్యామలకి, భృంగరాజం, భూనింబం. యునానీ హకీములు కాస్నీని, మకోయ్‌ను, అనగా మన కామంచిని, ఇదే పనికి వాడుతూ వచ్చారు. ఉర్దూలో ‘జిగర్’ అంటే కాలేయం. ధైర్యానికీ అదే మాట. తెలుగువాడు ఆ గౌరవాన్ని గుండెకిచ్చాడు గాని, పనిభారాన్ని బట్టి చూస్తే ఉర్దూవారిదే న్యాయమనిపిస్తుంది.

ఏలనంటే, మనం మింగే మాత్రలలో అధికభాగాన్ని మార్చి శరీరం వెలుపలికి పంపే భారం కాలేయానిదే. ఆ మార్పులో ఒక్కొక్కప్పుడు మందుకన్న తీక్ష్ణమైన విషం పుడుతుంది. జ్వరానికి వాడే పారసెటమాల్ ఇందుకు మంచి ఉదాహరణ. అందులో స్వల్పభాగం కాలేయంలో విషపదార్థంగా మారుతుంది. గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థం దానిని వెంటనే అణచివేస్తుంది. మోతాదు మితిమీరినప్పుడు ఈ రక్షకద్రవ్యం అడుగంటుతుంది. మిగిలిన విషం కణాలలోని మాంసకృత్తులకు అంటుకొని వాటిని చంపుతుంది. ఈ క్రమాన్ని 1973లో అమెరికా శాస్త్రజ్ఞులు ఎలుకలపై ప్రయోగాలతో వెల్లడించారు. దీనికి విరుగుడు ఎసిటైల్ సిస్టీన్. మితిమీరి మింగిన 8 గంటలలోపు ఇస్తే అది కాలేయాన్ని చాలవరకు కాపాడుతుంది.

మన ఓషధుల పరీక్ష కూడ ఈ మార్గంలోనే సాగింది. కొన్ని ఎలుకలకు ముందుగా మొక్కసారం కొన్నాళ్లు త్రాగించి, పిదప పారసెటమాల్‌నో కార్బన్ టెట్రాక్లోరైడ్‌నో విషమాత్రలో ఇస్తారు. కాలేయకణాలు చితికితే వాటిలోని ఎస్.జి.పి.టి. రక్తంలోకి ఒలుకుతుంది, దానిని కొలుస్తారు. సారం త్రాగిన ఎలుకలలో ఆ ఒలుకు తక్కువ. నేలవేములోని ఆండ్రోగ్రాఫొలైడ్, గుంటగలగరలోని వెడెలోలాక్టోన్ ఇట్టి గుణం చూపినవే. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధనా సంస్థ హిమాలయాలలో పెరిగే కటుకరోహిణి నుండి ‘పిక్రోలివ్’ను తీసింది.

ఇంతవరకు సంతోషమే. కాని ఎలుకకు కవచం ముందు తొడిగి, దెబ్బ తరువాత కొట్టారు. మన రోగి దెబ్బ తిన్న తరువాత కవచాన్ని వెదుకుతాడు. ప్రయోగశాలలో ఆల్కహాలుతో తీసి, తూచి ఇచ్చిన సారమూ, రోట్లో నూరి పిండిన పసరూ ఒకటి కావు. మరొక సూక్ష్మం కూడ ఉన్నది: పారసెటమాల్‌ను విషంగా మార్చే కాలేయపు ఎంజైములనే ఒక సారం అడ్డగిస్తే, అదీ రక్షణగానే కనిపిస్తుంది. కాని ఆ ఎంజైములే రోగి వాడే ఇతర మందులనూ మారుస్తాయి. వాటిని అడ్డగిస్తే ఆ మందులు ఒంటిలో పేరుకుపోవచ్చు.

మనుష్యులపై జరిగిన పరీక్షల చరిత్ర వేరు. 1988లో మద్రాసు పరిశోధకులు నేలఉసిరి పొడిని హెపటైటిస్-బి వైరస్ రక్తంలో నిలిచిపోయినవారికి 30 రోజులు ఇచ్చారు. 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ ఆనవాలు కనబడలేదని ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించినప్పుడు ప్రపంచం మన గట్టుమీది మొక్కవైపు చూసింది. తరువాత ఇతరచోట్ల జరిగిన పరీక్షలు ఆ ఫలితాన్ని నిలబెట్టలేకపోయాయి. ఇక గ్రామాలలో పసరుమందుకు వచ్చే కీర్తికి కారణం కష్టమైనది కాదు. కలుషిత జలం వల్ల వచ్చే కామెర్లు చాలమందిలో కొన్ని వారాలలో వాటంతటవే తగ్గుతాయి. కీర్తి చివర త్రాగిన పసరుకు దక్కుతుంది.

ఓషధి గనుక హాని చేయదనే వాదమూ నిలువదు. తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం చెడినదని ముంబాయి వైద్యులు 2021లో ప్రకటించారు. ఆయుష్ మంత్రిత్వశాఖ దానిని అంగీకరించలేదు. మొక్కను సరిగా గుర్తించలేదని అన్నది. తిప్పతీగను పోలిన తీగలున్న మాట నిజమే. నేలఉసిరిని పోలిన మొక్కలు మాత్రం మన గట్లపై తక్కువా?

ఈ విషయం ఎక్కువ ప్రాణాపాయంతో ముడిపడినది క్షయరోగి విషయంలో. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ - ఈ మూడూ క్షయను అణచేవే, కొందరిలో కాలేయాన్ని దెబ్బతీసేవే. రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ ఎరుపుగా వస్తుంది. అది మందు రంగు మాత్రమే. దానిని కామెర్లని భ్రమించి మాత్రలు మాని పసరు పట్టినవాని ఒంటిలో క్రిమి తిరిగి బలపడుతుంది. మందులకు లొంగనిదిగా కూడ మారవచ్చు. కళ్లలోని తెల్లభాగం పచ్చబడటం, అన్నం సహించకపోవడం, వాంతులు - ఇవి అసలు గుర్తులు. ఇవి కనబడితే ఆనాడే వైద్యునికి చెప్పాలి. ఆయన రక్తపరీక్ష చేయించి, అవసరమైతే మందులాపి, కాలేయం కుదుటపడ్డాక ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెడతాడు. ఇంట్లో ఏదైనా పసరు త్రాగుతుంటే ఆ మొక్క కొమ్మను కూడ వెంట తీసుకొనిపోవడం మంచిది. పేరుకన్న ఆకు చూస్తేనే అది ఏ మొక్కో తేలుతుంది.