సర్కారు పెద్ద వకీలు ఎవరి మనిషి?

నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పసుపు తెచ్చిన ఏ రైతునైనా అడగండి, దడువాయి అంటే ఎవరని. కాంటా దగ్గర నిలబడి తూకం వేసే మనిషి. అతనికి లైసెన్సు ఇచ్చేది మార్కెట్ కమిటీ. కొనే సేటే తన మనిషిని కాంటా దగ్గర నిలబెడితే రైతు ఊరుకుంటాడా?

ఈ మాట ఎందుకు ఎత్తానంటే, మన రాష్ట్రంలో అడ్వకేట్ జనరల్ అనే పదవి ఒకటి ఉంది. పేపర్లో ఆ పేరు కనబడగానే మనం పేజీ తిప్పేస్తాం. నేనూ చాలా ఏళ్ళు అంతే చేశాను లెండి.

ఆయన సర్కారు తరఫు వకీలే గదా, తూకం వేసేది జడ్జిగారు గదా అని మీరనవచ్చు. నిజమే. కానీ కొన్నిచోట్ల కాంటా ఆయన చేతిలోనూ ఉంది. ఒక ఫ్యాక్టరీ మురుగునీళ్ళు ఊరి వాగులోకి వదులుతోందనుకోండి. బిందె ముంచేది మనమే, పిల్లల ఒంటిమీద దద్దుర్లు చూసేదీ మనమే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 91వ సెక్షన్ కింద దాని మీద అడ్వకేట్ జనరల్ తానే దావా వేయవచ్చు. లేదంటే ఇద్దరో ముగ్గురో కలిసి కోర్టు అనుమతి తెచ్చుకొని వేయాలి. మరి ఆ ఫ్యాక్టరీ యజమాని పాలక పార్టీకి కావలసినవాడైతే?

ఇంకొకటి చూడండి. పోచంపాడు జలాశయం కింద భూమి పోయిన కుటుంబానికి కోర్టు పరిహారం పెంచిందనుకుందాం. డబ్బు కట్టేయాలా, పై కోర్టుకు పోయి ఇంకో పదేళ్ళు తిప్పాలా? అలాంటప్పుడు సర్కారుకు సలహా చెప్పే న్యాయాధికారులందరికీ పెద్ద ఆయనే.

రాజ్యాంగం 165వ అధికరణం ప్రకారం ఆయనను నియమించేది గవర్నరు, అదీ మంత్రివర్గం సలహా మీద. హైకోర్టు జడ్జికి కావలసిన అర్హత ఉండాలి. ఇన్నేళ్ళు అనే గడువు మాత్రం లేదు. తమాషా ఏమిటంటే, 1948 ముసాయిదాలో ముఖ్యమంత్రి రాజీనామా చేస్తే అడ్వకేట్ జనరల్ కూడా దిగిపోవాలని ఉండేది. పెద్దలు 1949లో ఆ వాక్యం తీసేశారు. వాక్యం పోయింది గానీ అలవాటు పోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో వచ్చిన దమ్మాలపాటి శ్రీనివాస్ గారు 2019లో ప్రభుత్వం మారగానే దిగారు, శ్రీరామ్ గారు వచ్చారు. 2024లో మళ్ళీ ప్రభుత్వం మారింది, శ్రీరామ్ గారు దిగారు, శ్రీనివాస్ గారే తిరిగి వచ్చారు. తెలంగాణలో 2023 డిసెంబరులోనూ ఇదే వరస. వీరి విద్వత్తును శంకించడం నా ఉద్దేశం కాదు. దొడ్డవారే కావచ్చు. కొత్త కోడలు రాగానే పాత వంటమనిషిని మార్చినట్టు మారుస్తుంటే, ఆయన ముఖ్యమంత్రితో "ఇది చట్టం కాదండీ" అని ఏ ధైర్యంతో చెబుతాడు?

వకీలు మీద కక్షిదారుకు నమ్మకం ఉండాలిగా అంటారు. ఉండాలి. కానీ ఇక్కడ కక్షిదారు పార్టీ కాదు, రాష్ట్రం. ఫీజు మన పన్నులలోంచే పోతుంది.

అమెరికాలో చాలా రాష్ట్రాలలో ఈ అధికారిని జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు. దాంతో రాజకీయం తగ్గుతుందని నాకు నమ్మకం లేదు. ఓట్లు అడిగేవాడికి పార్టీ అక్కరలేదా? అంతకంటే నిర్ణీత గడువు, తీసేస్తే కారణం కాగితం మీద పెట్టడం నాకు నచ్చుతాయి. 2016లో పంజాబ్ కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వ న్యాయాధికారుల నియామకాలు ఇష్టారాజ్యంగా ఉండకూడదని, యోగ్యత చూసి చేయాలని చెప్పింది. కింది మెట్లకు చెప్పిన మాట పై మెట్టుకు ఎందుకు వద్దు?

గడువు పెట్టాలంటే రాజ్యాంగం సవరించాలంటారు, కావచ్చు. పేరు పంపేముందు హైకోర్టు వకీళ్ళ సంఘాన్ని అడగడానికి, ఈయననే ఎందుకు ఎంచుకున్నారో నాలుగు ముక్కలు రాసిపెట్టడానికి ఏ సవరణా అక్కర్లేదు గదా.